వెనక నిలబడ్డవారి మాటే చెల్లాలి

అమెరికాలో వేసవి సెలవులు మొదలయ్యేసరికి మంచం, స్నానాలగదితో ఉండే అద్దె మోటార్‌హోమ్‌లకు గిరాకీ పెరుగుతుంది. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ దారుల్లో తెలుగు కుటుంబాలు కూడా ఈ బండ్లలో కనిపిస్తుంటాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎక్కించుకుని, బియ్యం, కుక్కరు, ఆవకాయ సీసా సర్దుకుని బయల్దేరతారు. చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సుతోనే ఇంత పెద్ద బండినీ నడపనిస్తారు. వందల మైళ్ల హైవే ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోతుంది. కష్టమంతా ఆఖరి నలభై యాభై అడుగుల్లోనే. క్యాంప్‌గ్రౌండ్‌లో తమకిచ్చిన జాగాలోకి బండిని వెనక్కి పెట్టాలి.

పొద్దుగూకే వేళ అక్కడ ఏం జరుగుతుందో చూసినవారికి తెలుసు. భర్త స్టీరింగ్ దగ్గర ఉంటాడు. భార్య దిగి వెనక్కి వెళ్లి నిలబడుతుంది. "రండి... రండి... అటు కాదండీ, ఇటు!" "ఇటంటే ఎటు?" "ఎడమకండీ!" "నీ ఎడమా, నా ఎడమా?" ఇంతలో మామగారు రెండోవైపు నుంచి "ఇంకా బోలెడు జాగా ఉంది, రానీ బాబూ" అంటారు. పిల్లవాడు కిటికీలోంచి ఏదో చూసి అరుస్తాడు. ఫ్యాన్ హోరులో ఏ మాటా పూర్తిగా వినపడదు. ఎవరిది వినాలో తేలకముందే బండి వెనక మూల కరెంటు స్తంభానికి తగులుతుంది. ఇక మాట మీద మాట పెరుగుతుంది. రోజంతా నడిపిన అలసట, చీకటి పడుతోందన్న తొందర, దారి ఎప్పుడిస్తారా అని ఆగి ఉన్న ఇంకో బండి లైట్లు, పక్క సైట్లవాళ్ల చూపులు అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

ఈ గొడవను భార్యాభర్తల కోపతాపాల ఖాతాలో వేసేసి నవ్వుకోవడం క్యాంపుల్లో మామూలే. అది అన్యాయం. నెమ్మదస్తులైన దంపతులకూ ఇదే జరుగుతుంది. కారణం స్వభావం కాదు. ఏ సైగకు ఏం చేయాలో, ఎవరి మాట చెల్లాలో బండి కదలకముందు ఇద్దరూ అనుకోలేదు, అంతే. బండి వెనక్కి కదులుతున్నంతసేపూ నిర్ణయం నేల మీద నిలబడ్డవారిది కావాలి. స్టీరింగ్ పట్టుకున్నవారు దాన్ని అమలు చేయాలి. ఇది ఒప్పుకోవడమే చాలామందికి కష్టంగా ఉంది. మిగతాదంతా అరగంటలో నేర్చుకోవచ్చు.

నడిపేవారికి ఎంత తక్కువ కనిపిస్తుందో ముందు చూడాలి. 25 అడుగుల అద్దె మోటార్‌హోమ్ మన ఆర్టీసీ బస్సు కన్నా చిన్నదే. కానీ రోజూ కారు నడిపేవారికి అది కొత్త లోకం. లోపలి అద్దంలోకి చూస్తే కనిపించేది వెనక ఉన్న మంచం, స్నానాలగది గోడ. మిగిలింది రెండు పక్కటద్దాలే. వెనక చక్రాలు దాటాక కూడా బాడీ చాలా పొడుగ్గా బయటికి ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు బండి ఆ చక్రాల మీద తిరుగుతుంది కాబట్టి ముందు భాగం ఒకవైపు జరిగితే తోక రెండోవైపు ఊగుతుంది. కొన్ని దెబ్బలు వెనక్కి వచ్చేటప్పుడు కాదు, సగం లోపలికి వచ్చాక "కాస్త ముందుకు తీసి సరిచేద్దాం" అని స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకు కదిపినప్పుడు తగులుతాయి. నడిపేవారి చూపు అప్పుడు ముందు ఉంటుంది. తోక మాత్రం పక్కనున్న కరెంటు పెట్టె మీదికి పోతుంది. వెనక నిలబడ్డవారు కూడా "ముందుకే కదా" అని అప్పటికే చేతులు దించేసి ఉంటారు.

ఎత్తు సంగతి మరొకటి. పైకప్పు మీద ఏసీ పెట్టెతో కలిపి ఈ బండ్లు 11, 12 అడుగుల దాకా ఉంటాయి. కారు నడిపేవారికి పైకి చూసే అలవాటు ఉండదు. పైన్ చెట్టు కొమ్మ ఒకటి ఏసీ మూతను పగలగొట్టడానికి క్షణం చాలు. పైకప్పుకు తగిలే దెబ్బలకు బీమా వర్తించదని అద్దె ఒప్పందాల్లో రాసి ఉండటం మామూలు. ఆ వాక్యం చాలామంది కంట పడేది దెబ్బ తగిలాకే.

కెమెరా ఉంది కదా అంటారు. కెమెరాను తక్కువ చేయనక్కర్లేదు. అది ఊరికే రాలేదు. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక తండ్రి ఇంటిముందు బండి వెనక్కి తీస్తుంటే రెండేళ్ల కొడుకు చక్రాల కింద పడి చనిపోయాడు. ఆ బాబు పేరుతో వచ్చిన చట్టం మీద 2008లో అమెరికా అధ్యక్షుడు సంతకం చేశాడు. నియమాలు 2014లో ఖరారయ్యాయి. 2018 మే 1 నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. బండ్లు వెనక్కి వస్తూ ఢీకొట్టడం వల్ల ఏటా సగటున 210 మంది చనిపోతున్నారని, 15,000 మంది గాయపడుతున్నారని అక్కడి రహదారి భద్రతా సంస్థ ఆనాడు లెక్క చెప్పింది. చనిపోయినవారిలో 31 శాతం అయిదేళ్ల లోపు పిల్లలు, 26 శాతం డెబ్బై దాటిన పెద్దలు. వేసవిలో మోటార్‌హోమ్ ఎక్కే తెలుగు కుటుంబాన్ని ఒకసారి తలచుకుంటే, బండి ఆగగానే ముందు దిగేది ఈ రెండు వయసులవాళ్లే. బడికి పోని మనవడు, వాడి వెంట పరుగెత్తే తాతయ్య.

పైగా ఆ కెమెరా నియమం 10,000 పౌండ్ల లోపు బండ్లకే. అద్దెకిచ్చే మోటార్‌హోమ్‌లు చాలావాటికి వాడే ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మోయగల మొత్తం బరువు 14,500 పౌండ్లు. అంటే చట్టం ఈ బండి దాకా రాలేదు. కెమెరా ఉన్నా అది కొమ్మను చూపదు, ముందు మూలను చూపదు, మట్టి రోడ్డు దుమ్ము పట్టాక దేన్నీ సరిగ్గా చూపదు. మనిషి అవసరం తీరలేదు.

బండ్లు వెనక్కి తీసే పనిని రోజూ చేసేవాళ్లు ఈ సైగల పద్ధతిని ఎంత గట్టిగా పట్టుకున్నారో తెలిస్తే, కుటుంబాలు ఎంత తేలిగ్గా తీసుకుంటున్నాయో అర్థమవుతుంది. అమెరికాలో నిర్మాణ స్థలాల్లో వెనక చూపు అడ్డుపడే బండిని వెనక్కి తీయాలంటే చుట్టూ ఉన్న చప్పుడును మించి వినపడే అలారం ఉండాలి, లేదా సరే అని సైగ చేసే మనిషైనా ఉండాలి. ఇది అక్కడి కార్మిక శాఖ నిబంధన. సైగలు ముందే అనుకోవాలని, సైగ చేసేవారు కనుమరుగైతే డ్రైవర్ వెంటనే ఆపేయాలని, సైగ చేసేవారికి ఆ సమయంలో మరో పని చెప్పకూడదని, వారు ఫోను వాడకూడదని కూడా ఆ శాఖ సూచిస్తుంది. జర్మనీలో అయితే ఇది మామూలు వాహనదారులకూ వర్తించే రోడ్డు నిబంధన. బండి వెనక్కి తీసేవారు ఇతరులకు ఏ ప్రమాదమూ లేకుండా చూడాలి, అవసరమైతే ఒకరిని దింపి వారు చూపినట్టు నడపాలి. అలా దింపడం డ్రైవర్‌కు చేతకాదనడానికి గుర్తు కాదు.

మన దగ్గర ఈ విద్య లేదా అంటే, ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక సాయంత్రం నిలబడితే చాలు. ఇరుకు సందులోకి లారీ వెనక్కి వస్తుంటుంది. క్లీనర్ ఎడమ మూలన, డ్రైవర్ అద్దంలో పడేచోట నడుస్తుంటాడు. అరచేత్తో బాడీ మీద తడుతూ "రానీ... రానీ... రానీ... రానీ" అంటూనే ఉంటాడు. ఆ మాట సాగినంతసేపే లారీ కదులుతుంది. బాడీ మీద ఒక్క గట్టి దెబ్బ పడితే డ్రైవర్ కాలు బ్రేకు మీద ఉంటుంది. ఎందుకు, ఏమిటి అని అడగడు. హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో ప్లాట్‌ఫాం నుంచి బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టర్ విజిల్‌దీ ఇదే దారి. క్లీనర్లకు ఎవరూ తరగతులు పెట్టలేదు. చూసి, తిట్లు తిని నేర్చుకున్నారు.

క్లీనర్ పాటలా సాగదీసే ఆ "రానీ రానీ"లో పెద్ద తెలివి ఉంది. అతని గొంతు ఆగిందంటే బండి ఆగాలి. కాలు జారి పడినా, లారీకీ గోడకీ మధ్య ఇరుక్కున్నా, దుమ్ముకు దగ్గు వచ్చినా "ఆపు" అని అరవలేకపోవచ్చు. కానీ "రానీ" ఆగిపోతుంది కదా. మౌనానికే ఆపు అని అర్థం ఉండటం వల్ల ప్రాణం నిలబడుతుంది. క్యాంపులో మనవాళ్లు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. ఏమీ అనకుండా నిలబడి, ప్రమాదం కనిపించినప్పుడే అరుస్తారు. అక్కడ మౌనానికి "ఫర్వాలేదు, రండి" అని అర్థం. వెనకున్న మనిషి పడిపోయినా బండి వస్తూనే ఉంటుంది.

అమెరికా రైల్వేలు ఈ సంగతిని నిబంధనగానే రాసుకున్నాయి. రేడియోలో చెబుతూ రైలుపెట్టెల్ని వెనక్కి నెట్టించేటప్పుడు ఎంత దూరం రావాలో చెప్పి తీరాలి. ఆ తర్వాత మరో మాట వినపడకపోతే, మిగిలిన దూరంలో సగానికల్లా బండి ఆగాలి. బ్యాటరీ అయిపోయినా, సిగ్నల్ పోయినా, మనిషికి ఏమైనా, ఫలితం ఆగడమే. ఫోను పట్టుకుని బండి వెనక్కి పెట్టించే కుటుంబాలు దీన్ని యథాతథంగా తీసుకోవచ్చు. జాతీయ ఉద్యానవనాల్లో చాలాచోట్ల సెల్ సిగ్నల్ అంతంతమాత్రం. లైసెన్సు అక్కర్లేని చిన్న వాకీటాకీలు రెండు కొనుక్కోవడం మేలు. "పదిహేను అడుగులు... పది... అయిదు..." అంటూ ఆపకుండా చెప్పాలి. గొంతు తెగితే బ్రేకు.

"కొంచెం" అన్న మాటకు మాత్రం ఇక్కడ చోటు ఇవ్వకూడదు. ఒకరి కొంచెం అడుగు, ఇంకొకరి కొంచెం గజం. "జాగ్రత్త" ఇంకా పనికిరాని మాట. నడిపేవారు జాగ్రత్తగానే ఉన్నారు. ఏం చేయాలో వారికి కావాలి. ఎడమ, కుడి కూడా వదిలేయాలి. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికి అవి తారుమారవుతాయి. అంతేకాదు, స్టీరింగ్ ఎటు తిప్పాలో చెబుతున్నారా, తోక ఎటు పోవాలో చెబుతున్నారా అన్నదీ తేలదు. తోక ఎటు రావాలో అటు చెయ్యి పూర్తిగా చాచి చూపడం అన్నిటికన్నా స్పష్టం. స్టీరింగ్ ఎంత తిప్పాలన్నది నడిపేవారికే వదిలేయాలి. "తిప్పండి, తిప్పండి, ఇంకా తిప్పండి" అని వెనకనుంచి చెప్పబోతే ఇద్దరూ ఒకే పని చేస్తున్నట్టవుతుంది. దూరం మాత్రం నడిపేవారికి కనిపించదు కాబట్టి దాన్ని రెండు అరచేతుల మధ్య ఎడంగా చూపాలి. జాగా తగ్గేకొద్దీ చేతులు దగ్గరవ్వాలి.

ఆపమనే సైగ ఒక్కటే ఉండాలి, అది పెద్దదిగా ఉండాలి. విమానాశ్రయంలో విమానాన్ని నిలిపేవారు రెండు చేతులూ తలపైన అడ్డంగా కలుపుతారు. బ్రిటన్ నిబంధనల్లో ఆపడానికి కుడి చెయ్యి పైకెత్తి అరచెయ్యి ముందుకు చూపాలి. ప్రమాదమైతే రెండు చేతులూ. ఏదైనా ఫర్వాలేదు. ఇంట్లోవాళ్లంతా ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడాలి. ఆడుకుంటున్న అయిదేళ్ల పాపతో సహా అందరికీ నేర్పాలి. ఎందుకంటే రమ్మనే అధికారం ఒక్కరికే ఉన్నా, ఆపే అధికారం అందరికీ ఉండాలి. అమెరికాలో క్రేన్ నడిపేవారికి ఇది నిబంధన కూడా. ఆపమన్న సైగ ఎవరు చేసినా ఆపాల్సిందే. పక్క సైటు పెద్దమనిషి చెయ్యెత్తినా సరే.

ఎక్కడ నిలబడాలి? అమెరికాలో డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటారు కాబట్టి వెనక ఎడమ మూలకు బయటగా, కొన్ని అడుగులు ఎడంగా నిలబడాలి. సైటులో కరెంటు పెట్టె, నీటి కుళాయి, మురుగు గొట్టం కూడా ఎక్కువగా ఆ వైపునే ఉంటాయి. అద్దంలో డ్రైవర్ ముఖం తనకు కనిపిస్తుంటేనే తాను డ్రైవర్‌కు కనిపిస్తున్నట్టు లెక్క. బండికి నేరుగా వెనక ఎప్పుడూ నిలబడకూడదు. బండికీ చెట్టుకీ మధ్య, బండికీ రాతి బల్లకీ మధ్య అసలే నిలబడకూడదు. చీకటి పడితే టార్చి వెలుగు అద్దంలోకి కాదు, తప్పించాల్సిన స్తంభం మీదికి పడాలి.

ఇంతకన్నా ముందు చేయాల్సింది ఇద్దరూ దిగి జాగా అంతా నడిచి చూడటం. మంట వేసుకునే ఇనుప చట్రం, నేలలో దాక్కున్న చెట్టు మొద్దు, వాలు, పైన కొమ్మలు. తోక ఎక్కడ ఆగాలో అక్కడ ఒక రాయి పెట్టుకోవాలి. అమెరికా లారీ డ్రైవర్లు అనుమానం వస్తే దిగి చూడటాన్ని ఒక నియమంగా నేర్చుకుంటారు. నాలుగుసార్లు దిగినా నామోషీ కాదు. అద్దాలు దించి, పాటలు, ఫ్యాన్ ఆపేసి, పిల్లల్నీ పెద్దల్నీ ఎదురుగా కనిపించే ఒక చోట కూర్చోబెట్టి, యాక్సిలరేటర్ ముట్టకుండా బ్రేకు మీదే బండిని వదలాలి. వెనకున్న మనిషి నడక కన్నా బండి వేగం ఎక్కువ కాకూడదు.

అసలు వెనక్కి పెట్టనక్కర్లేని సైటు దొరికితే అదే తీసుకోవాలి. సైగ చేసే మనిషి కూడా ప్రమాదంలోనే ఉంటాడు కాబట్టి వెనక్కి తీయడాన్నే వీలైనంత తగ్గించమని బ్రిటన్ భద్రతా సంస్థ పరిశ్రమలకు చెబుతుంది. గ్రాండ్ కాన్యన్ దగ్గరి ట్రెయిలర్ విలేజ్‌లో ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు నుంచి పోయే సైట్లు ఉన్నాయి. మొదటిసారి అద్దెకు తీసుకునేవారు బుక్ చేసేటప్పుడే అలాంటివి వెతుక్కోవడం మంచిది.

చివరకు అడ్డొచ్చేది అహం. మన ఇళ్లలో స్టీరింగ్ పట్టుకున్నవారిదే పైచెయ్యి అన్న అలవాటు బలంగా ఉంది. లారీ మీద క్లీనర్ కుర్రాణ్ని డ్రైవర్ ఎంత తిట్టినా, వెనక్కి తీసేటప్పుడు మాత్రం ఆ కుర్రాడి చేతి దెబ్బకు కట్టుబడతాడు. పాతికేళ్లు కాపురం చేసిన భార్య "ఆపండి" అంటే మాత్రం "ఇంకా జాగా ఉంది కదా" అని ఇంకో అడుగు కదిపే భర్తలున్నారు. చూపు ఆమెది, అద్దంలోని అంచనా ఆయనది. కదిలాక వాదన వద్దు, ఆగాక వాదించుకోవచ్చు. ఆమెకే నడపడం వచ్చి ఆయన వెనక నిలబడితే, ఆయన మాటకూ అదే బలం ఉండాలి.

మన రాష్ట్రాల్లో ఈ విద్య ఉన్నచోటే అరిగిపోతోంది. 2019 జూలై నుంచి దేశంలో కొత్త కార్లకు రివర్స్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. అది మంచిదే. కానీ ఖర్చు తగ్గించుకోవడానికి క్లీనర్ లేకుండా లారీలు తిప్పుతున్నారు. బడి బస్సు వెనక్కి తీస్తుండగా పిల్లలు చక్రాల కింద పడిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లో పదే పదే వస్తున్నాయి. బస్సులో ఆయా ఉన్నా, వెనక్కి తీసేటప్పుడు ఆమె దిగాలని, ఆమె చెయ్యెత్తేదాకా డ్రైవర్ గేరు వేయకూడదని ఎన్ని బడులు చెబుతున్నాయి? విద్యా సంవత్సరం మొదట్లో రవాణా శాఖ బడి బస్సుల ఫిట్‌నెస్ చూసేటప్పుడు ఆయాను, డ్రైవర్‌ను కలిపి ఒకసారి బస్సు వెనక్కి తీయించి చూడాలి. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు.

అమెరికాలో అద్దె సంస్థలు బండి అప్పగించేటప్పుడు గ్యాసు, జనరేటరు, మురుగు ట్యాంకు ఎలా వాడాలో చూపిస్తాయి. దానికి పది నిమిషాలు కలిపి, ఇద్దరి చేతా ఒకసారి బండి వెనక్కి పెట్టించాలి. తానా, ఆటా లాంటి తెలుగు సంఘాలు వేసవికి ముందు ఇలాంటి అభ్యాసం పెడితే చాలా కుటుంబాలకు మేలు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే ఏదో ఒక పెద్ద పార్కింగ్ స్థలం, నాలుగు ప్లాస్టిక్ కోన్లు, ఒక అద్దె బండి చాలు. పన్నెండు అడుగుల వెడల్పున కోన్లు పెట్టి, మూడుసార్లు భర్త, మూడుసార్లు భార్య నడపాలి. నడపనివారు వెనక నిలబడాలి. వేసవిలో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటే వారినీ తీసుకెళ్లాలి. కారు నడపడం రాకపోయినా, ఏ సైగకు బండి ఆగుతుందో వారికీ తెలిసి ఉండాలి.